కమల వరి మీద నిపుణుల తగువు: మనం ఎవరి మాట వినాలి?



వీడియోలో టైం చాలక కుదించి చెప్పిన విషయాన్ని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా. ఈ మధ్య ఎక్కడికెళ్లినా ఒకటే ప్రశ్న. "కమల వరి మంచిదా, చెడ్డదా? ఒక్క ముక్కలో చెప్పండి." టీవీలో ఒక శాస్త్రవేత్త అద్భుతం అంటారు. ఫోన్ తీస్తే ఇంకో శాస్త్రవేత్త ప్రమాదం అంటారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. మరి మనం ఎవరి మాట వినాలి?

నా ఉద్దేశంలో "ఎవరి మాట" అని అడిగినంతకాలం ఈ చిక్కు విడిపోదు. "ఏ విషయంలో ఎవరి మాట" అని అడగాలి. నిపుణుడు తన పొలం గట్టు దాకానే నిపుణుడు. గట్టు దాటాక ఆయన కూడా మనలాంటి మనిషే. ఈ తేడా పట్టుకుంటే తగువులో సగం తేలిపోతుంది.

ముందు ఇది ఏంటో చూద్దాం

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఢిల్లీలో రెండు జీనోమ్ ఎడిటింగ్ వరి రకాలను ప్రకటించారు. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, అదే కమల. దీన్ని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ తయారుచేసింది. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1. ఇది ఢిల్లీ పూసా సంస్థది.

మనం గమనించాల్సింది ఒకటుంది. కమలకి తల్లి మన సాంబ మసూరి, బాపట్లలో పుట్టిన బీపీటీ 5204. రెండోదానికి తల్లి మన కాటన్‌దొర సన్నాలు, మార్టేరులో పుట్టిన ఎంటీయూ 1010. అంటే రెండూ తెలుగు నేల మీద పుట్టిన వంగడాలే. అందుకే ఈ చర్చ ఢిల్లీవాళ్లకి వదిలేసేది కాదు.

కమలలో ఏం చేశారు? వరి మొక్కలో సైటోకైనిన్ అనే హార్మోన్ ఉంటుంది. అది ఎక్కువుంటే కంకికి గింజలు ఎక్కువ పడతాయి. ఆ హార్మోన్‌ని విరిచేసే ఎంజైమ్ తయారుచేసే జన్యువు ఒకటి ఉంది. క్రిస్పర్ అనే పద్ధతిలో ఆ జన్యువుని కత్తిరించి పనిచేయకుండా చేశారు. బయటి జీవి జన్యువుని తెచ్చి పెట్టలేదు. కత్తిరించే పనిముట్టుగా పెట్టిన జన్యువుని కూడా తర్వాతి తరాల్లో ఏరి తీసేశారు. కాబట్టి ఇది బీటీ పత్తి లాంటిది కాదు. బీటీ పత్తిలో నేలలో ఉండే బాక్టీరియా జన్యువుని తెచ్చి పెట్టారు. ఈ తేడా తెలియకుండా రెండూ ఒకటే అని తిట్టడం సరికాదు.

సంస్థ చెప్పే లెక్క ప్రకారం సాంబ మసూరి హెక్టారుకి సగటున 4.5 టన్నులిస్తే కమల 5.37 టన్నులిచ్చింది. అంటే 19 శాతం ఎక్కువ. మన 75 కిలోల బస్తాల్లో ఎకరానికి సుమారు 24 నుంచి 29. పంటకాలం దాదాపు 130 రోజులు, సాంబ కంటే 20 రోజులు ముందే కోతకొస్తుంది. నీళ్లు కలిసొస్తాయి అంటున్నారు. మాట నిజమైతే ఆయకట్టు చివర ఉన్న రైతుకి అది చిన్న సంగతి కాదు.

మొదటి ప్రశ్న: తింటే ఏమన్నా అవుతుందా?

ఇది జన్యు శాస్త్రవేత్తలు, ఆహార భద్రత నిపుణులు చెప్పాల్సిన విషయం. వాళ్ల వాదన వినదగ్గదే. ప్రకృతిలో కూడా జన్యువుల్లో ఇలాంటి మార్పులు వస్తుంటాయి. గామా కిరణాలతో మార్పులు చేసిన రకాలను దశాబ్దాలుగా తింటున్నాం. అనంతపురం రైతులకి తెలిసిన టీఏజీ 24 వేరుశనగ అలాంటి వంశంలోంచే వచ్చింది. ఆ లెక్కన ఒక్క చోట కత్తిరింపు పెట్టిన వరిని విషం అనడానికి మన దగ్గర ఆధారం లేదు. లేనప్పుడు అనకూడదు.

అయితే రెండో వైపు వాదన కూడా శాస్త్రమే. క్రిస్పర్ కత్తెర అనుకున్న చోటే కాకుండా వేరే చోట కూడా గాటు పెట్టొచ్చు. అనుకున్న చోటే అనుకోని మార్పు రావచ్చు. ఇది పుకారు కాదు, ఆ రంగంలో పనిచేసేవాళ్లే పరిశోధించే సమస్య. మొక్క మొత్తం జన్యుపటం చదివితే చాలావరకు తెలిసిపోతుంది కూడా. మరి చదివిన ఫలితం అందరి ముందు పెట్టడానికి అడ్డేంటి?

అసలు లోపం ఇక్కడుంది. 2022 మార్చిలో కేంద్ర పర్యావరణ శాఖ బయటి జన్యువు లేని ఎడిటింగ్ మొక్కలకి 1989 నాటి నిబంధనల్లోని కీలకమైన భాగం నుంచి మినహాయింపు ఇచ్చింది. దాంతో జీఈఏసీ దగ్గరికి వెళ్లే పని లేదు. బయటి జన్యువు లేదని తేల్చేది ప్రధానంగా ఆ సంస్థలోనే ఉండే జీవభద్రతా కమిటీ. అందులో ప్రభుత్వం తరఫు ప్రతినిధి కూడా ఉంటారు, నిజమే. అయినా మన పరీక్ష పేపర్ మన బడిలోనే దిద్దుకున్నట్టుంది. మార్కులు సరిగ్గానే వేసుండొచ్చు. పేపర్ చూపించమని అడగడం మాత్రం తప్పు కాదు.

రెండో ప్రశ్న: దిగుబడి నిజమేనా?

ఇది తేల్చాల్సింది పొలం. 24 బస్తాలు అనే సగటు చూడగానే కృష్ణా డెల్టా రైతు నవ్వుతాడు. సాంబ మీద 30 దాటించినవాళ్లు అక్కడ బోలెడుమంది. దేశం మొత్తం మీద సగటు తీస్తే అంకె తగ్గుతుంది, అందులో మోసమేమీ లేదు. కానీ ఏ జిల్లాలో, ఏ నేలలో, ఎంత నత్రజని వేస్తే ఎంత వచ్చిందో విడివిడిగా తెలియకపోతే ఆ 19 శాతం నాకూ మీకూ పనికిరాదు.

జన్యుమార్పిడి పంటల్ని వ్యతిరేకించే కూటమి 2025లో ఐసీఏఆర్ సొంత నివేదికల్లోని అంకెలే చూపించి, చెప్పుకున్నంత ఆధిక్యం అన్నిచోట్లా లేదని ప్రశ్నించింది. ఐసీఏఆర్ ఆ ఆరోపణల్ని కొట్టిపారేసింది. ఇద్దరిలో ఎవరు గెలిచారో తేల్చే పని నాది కాదు. ప్రతి కేంద్రం అంకెలూ తెలుగులో, బస్తాల లెక్కలో బయట పెడితే మన రైతులే తేల్చేస్తారు.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి ఇంకో ప్రశ్న ఉంది. కంకికి గింజలు పెరిగితే అవన్నీ పాలు పోసుకోవాలి కదా. ఆ బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? యూరియా వేసిన మడిలో నిండిన కంకి, ఘనజీవామృతం, ద్రవజీవామృతం మీద నడిచే మడిలో కూడా నిండుతుందా, లేక తాలు పెరుగుతుందా? నిండొచ్చు కూడా. మన పద్ధతిలో పరీక్ష పెట్టి చూపిస్తే తప్ప ఎవరి మాటా చెల్లదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే ప్రకృతి వ్యవసాయాన్ని నడిపిస్తోంది కాబట్టి, ఈ పరీక్ష పెట్టమని అడిగే హక్కు మనకుంది.

మూడో ప్రశ్న: విత్తనం ఎవరిది?

ఈ విషయంలో ప్రయోగశాల శాస్త్రవేత్త మాట చివరి మాట కాదు. క్రిస్పర్‌ని కనిపెట్టిన ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పాంటియేలకి 2020లో నోబెల్ వచ్చింది. ఆ పనిముట్టు మీద పేటెంట్లు విదేశీ విశ్వవిద్యాలయాలు, సంస్థలు, కంపెనీల చేతుల్లో ఉన్నాయి. వంగడం మన ప్రభుత్వ సంస్థది, సంతోషం. కత్తెర మాత్రం అద్దెది. ఆ అద్దె ఎంత, ఎవరు కడతారు, చివరికి అది విత్తనం ధరలో కలుస్తుందా?

బీటీ పత్తిలో ఈ పాఠం మనకి ఇదివరకే అయింది. రాయల్టీ కలిపి 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయల పైన అమ్మితే, 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా వెళ్లి పోరాడాక 750కి దిగింది. కొట్లాడితే గానీ తగ్గలేదు.

మన చట్టం మన వైపే ఉంది. 2001 నాటి మొక్క రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండ్ పేరుతో మాత్రం అమ్మకూడదు. కమలకి కూడా ఈ హక్కు పూర్తిగా వర్తిస్తుందని, పేటెంట్ పేరుతో రైతు మీద కేసు రాదని ప్రభుత్వం కాగితం మీద రాసి ఇవ్వాలి. నోటిమాట చాలదు.

నాలుగో ప్రశ్న: మన సర్టిఫికెట్ సంగతేంటి?

ఇది మన పొట్టకి సంబంధించింది. సేంద్రియ సర్టిఫికెట్ ఉన్న పొలంలో జన్యుమార్పిడి విత్తనం వేయకూడదు. ప్రపంచ సేంద్రియ సంస్థల సమాఖ్య ఐఫోమ్ ఎడిటింగ్‌ని కూడా ఆ లెక్కలోనే కలిపి వద్దంది. యూరప్ న్యాయస్థానం 2018లో ఎడిటింగ్ పంటల్ని జీఎం నిబంధనల కిందికే తెచ్చింది. ఆ తర్వాత అక్కడ నిబంధనలు సడలించే ప్రతిపాదన 2023లో వచ్చింది. దాంట్లో కూడా సేంద్రియ సాగుకి మాత్రం ఎడిటింగ్ రకాలు వద్దనే రాశారు.

ఇప్పుడు చిక్కు చూడండి. కమల గింజ చూడ్డానికి సాంబలాగే సన్నంగా ఉంటుంది. బయటి జన్యువు ఉండదు కాబట్టి మామూలు జీఎం టెస్టులో దొరకదు. సంచి మీద రాయకపోతే, మార్కెట్లో సాంబ పేరుతో కలిసిపోతే, పదేళ్లు కష్టపడి పేరు తెచ్చుకున్న రైతు కొనేవాడికి ఏమని హామీ ఇస్తాడు? వేసుకునేవాళ్లు వేసుకోనీండి. వద్దనుకునేవాడికి వద్దనే దారి ఉండాలి కదా. సంచి మీద "జీనోమ్ ఎడిటింగ్ రకం" అని తెలుగులో ఒక లైను రాయడానికి అయ్యే ఖర్చెంత?

ఇలా చేసి చూపించిన రోజులున్నాయి

ఇదంతా కుదరని పని అనేవాళ్లకి రెండు ఉదాహరణలు. బీటీ వంకాయ విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్తే గానీ పరీక్షల వివరాలు పూర్తిగా బయటికి రాలేదు. వచ్చాక 2010 జనవరి, ఫిబ్రవరిలో అప్పటి మంత్రి జైరాం రమేశ్ ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు పెట్టారు. వాటిలో హైదరాబాద్ ఒకటి. రైతులూ, శాస్త్రవేత్తలూ, వైద్యులూ ఎదురెదురుగా కూర్చుని అరుచుకున్నారు, నిజమే. కానీ అందరి ముందూ జరిగింది. ఫిబ్రవరి 9న ఆపేస్తున్నట్టు ప్రకటించి, కారణాలు రాతపూర్వకంగా ఇచ్చారు. సీసీఎంబీని స్థాపించిన డాక్టర్ పుష్ప ఎం. భార్గవ అంతటివారు కూడా అప్పుడు జాగ్రత్త అవసరమనే చెప్పారు. ఆయన్ని శాస్త్ర వ్యతిరేకి అని ఎవరంటారు?

రెండోది ఇంకా దగ్గరిది. సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద శాపం. ఇదే వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి తెగులు తట్టుకునే మూడు జన్యువుల్ని మామూలు సంకరణంతోనే సాంబలోకి తెచ్చాయి. ప్రయోగశాలలో గుర్తులు చూసి మొక్కల్ని ఎంచుకున్నారు. అదే 2008లో వచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి. పేటెంట్ గొడవ లేదు, సర్టిఫికెట్ చిక్కు లేదు. అంటే మనం ప్రయోగశాలకి వ్యతిరేకం కాదు. దారులు ఇంకా ఉన్నాయని గుర్తుచేస్తున్నాం, అంతే.

మన ఇంటి సంగతి కూడా

ఒక మాట మనవాళ్లకి. 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞానాల అకాడమీ పెద్దలు పెట్టుబడి లేని ప్రకృతి వ్యవసాయానికి నిరూపణ చాలదని, డేటా లేదని తేల్చేశారు. మనకి కోపమొచ్చింది. పొలానికి రాకుండా తీర్పు చెప్పడం తప్పే. కానీ "డేటా ఏది?" అని అడగడం తప్పు కాదు. ఈరోజు కమల మీద మనం అడుగుతున్నదీ అదే ప్రశ్న. కాబట్టి అదే తూకం రాయి మన తక్కెడలో కూడా పెట్టుకోవాలి. ఖర్చెంత, ఎన్ని బస్తాలు, ఎంత తాలు, ఎంతకి అమ్మాం అని పుస్తకంలో రాసుకున్న రైతు మాటకి ఏ అకాడమీలోనైనా విలువ ఉంటుంది. "ఇది తింటే ఆ జబ్బొస్తుంది" అని ఆధారం లేని మెసేజ్ పంపిస్తే, మనం అడిగే నాలుగు సరైన ప్రశ్నలు కూడా దాంతోపాటే కొట్టుకుపోతాయి.

ఇప్పుడు చేయాల్సినవి

ప్రకటించిన రోజే నాణ్యమైన విత్తనం రైతుకి చేరడానికి నాలుగైదేళ్లు పడుతుందని చెప్పారు. కాబట్టి ఇప్పుడే ఎవరన్నా "కమల విత్తనం" అని ప్యాకెట్ తెస్తే తీసుకోకండి. బిల్లు, సంస్థ కాగితం లేనిదే నమ్మొద్దు.

సాంబ, కాటన్‌దొర సన్నాలు వేసేవాళ్లు మంచి మడి ఒకటి ఎంచుకుని బెరుకులు ఏరేసి సొంత విత్తనం కట్టుకోండి. ఏ సంవత్సరం ఎక్కణ్ణుంచి తెచ్చిన విత్తనమో రాసిపెట్టుకోండి. రేపు మీ సర్టిఫికెట్‌కి అదే సాక్ష్యం.

ఎఫ్‌పీవోల్లో ఉన్నవాళ్లు తీర్మానం చేసి నాలుగు విషయాలు అడగండి. జన్యుపటం, కేంద్రాలవారీ దిగుబడి బయటపెట్టాలి. ప్రకృతి వ్యవసాయం మడుల్లో పరీక్ష పెట్టాలి. విత్తన హక్కు రాతపూర్వకంగా ఇవ్వాలి. సంచి మీద పేరు రాయాలి. బాపట్లలో, మార్టేరులో అసలు తల్లి రకాల బ్రీడర్ విత్తనం ఆపకుండా ఉత్పత్తి చేయాలని కూడా కలిపి రాయండి.

ఈ నాలుగింటికీ నిజాయితీగా జవాబు వస్తే, కమలని వేసుకోవాలో వద్దో ఏ రైతుకా రైతు తేల్చుకోగలడు. జవాబు రాకపోతే, ఎంత పెద్ద నిపుణుడు చెప్పినా ఆగమనే నా మాట.