బావ కారుకు కూలర్ ఎందుకు?

మాది సిరిసిల్ల, అక్కనిచ్చింది కోరుట్లలో. బావ దుబాయ్ నుంచి వచ్చి టర్బో డీజిల్ కారు కొన్నాడు. "బామ్మర్ది, ఇంటర్‌కూలర్ మీద నీళ్లు కొట్టే సిస్టమ్ పెడదాం, కోడ్ నువ్వే రాయాలె" అన్నాడు. మొదట ఖుషీ అయిన. ఆలోచించాక వద్దన్న.

ఐడియా తప్పు కాదు. టర్బో గాలిని నొక్కితే వేడెక్కుతుంది. వేడి గాలి పలచన, ఇంజిన్‌కు ఆక్సిజన్ తక్కువ అందుతుంది. అందుకే మధ్యలో ఇంటర్‌కూలర్. దాని రెక్కల మీద నీళ్లు చిమ్మితే, ఆవిరయ్యే ప్రతి కిలో నీరు 2,200 కిలోజౌళ్లకు పైగా వేడిని లాక్కెళ్తుంది. అచ్చం మన గడ్డి కూలర్ లాజిక్కే! సుబారు వాళ్లు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐలో ఫ్యాక్టరీ నుంచే ఇచ్చారు. జగిత్యాల మే నెల పొడి ఎండలో బాగా పనిచేస్తుంది, వానాకాలం ఉక్కలో అంతగా కాదు.

కానీ బావ చేసేది రేసింగ్ కాదు కదా. నెలకోసారి అక్కను సిరిసిల్ల తీసుకొస్తాడు, అంతే. ఆ స్పీడుకి ఎదురుగాలి చాలు. పైగా వాళ్ల బోరు నీళ్లకు బకెట్లు తెల్లగా పొర కట్టి ఉంటాయి. ఆ పొరే రెక్కల మీద పేరుకుంటే గాలి దారి మూసుకుపోయి, చల్లబరచాల్సిందే వేడి పెంచుతుంది. పోనీ ఫిల్టర్ నీళ్లు పోద్దామా? ఎండాకాలం అక్క క్యాన్లు కొని తాగుతోంది.

ముందు రెక్కల్లో దుమ్ము కడిగించు, పైపు లీకులు చూపించు అని చెప్పిన. "నీకు కోడ్ రాదని చెప్పు" అన్నాడు బావ.

కోడ్ నాలుగు లైన్లే. బూస్ట్ పెరిగి, గాలి వేడి హద్దు దాటితే పంపు ఆన్. రాసి పెట్టుకున్న. ఇంకా ఇవ్వలేదు.