పండూ, పథ్యమూ

మామిడిపళ్ళ కాలం వచ్చిందంటే చక్కెర జబ్బున్న యింట్లో రెండు పక్షాలు యేర్పడతాయి. "ఒక్క పండుకి యేమవుతుంది లెండి!" అనేది ఒక పక్షం. "ఆ పేరెత్తకండి!" అనేది రెండోది. మధ్య నలిగేది రోగి.

నేను చెప్పుకునేది తెలుగు పాఠం, వైద్యం కాదు. అయితే ఆరేళ్ళుగా యీ జబ్బుతో కాపురం చేస్తున్నాను గనుక, డాక్టరుగారి వల్లా, వేలిమీద సూదిపోటు వల్లా తెలుసుకున్న నాలుగు ముక్కలు నా బోటివారికి పనికి రావచ్చు.

పండు నిషిద్ధం కాదు, లెక్క ముఖ్యం. పిండిపదార్థమూ చక్కెరా కలిసి సుమారు 15 గ్రాములుంటే ఒక వంతు అంటారు. ఒక మోస్తరు దోరజామకాయ, లేదా చిన్న అరటిపండు, లేదా కప్పు బొప్పాయి ముక్కలు, లేదా అరకప్పు మామిడి ముక్కలు – యేదైనా ఒక వంతే. పెద్ద బంగినపల్లి పండు మొత్తం తిన్నారా, రెండు మూడు వంతులు లోపలికి పోయినట్టే. వీటిలో జామకాయలో పీచు ఎక్కువ. అందుచేత చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది.

భోజనం చివర పెరుగన్నంలో మామిడిపండు నంజుకోవడం మనకు అలవాటు. తప్పులేదు గాని, ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గించాలి. రెండు గంటల తరవాత పరీక్ష చేసుకుంటే మన ఒంటి తీరు మనకే తెలుస్తుంది. సాధారణంగా 180 దాటకూడదంటారు. మూత్రపిండాల జబ్బు కూడా వున్నవారు మాత్రం యే పండు తినవచ్చో డాక్టరుగారినే అడగాలి.

ఇక పళ్ళరసం. అరటిపండు వద్దనే ఇల్లాలే, "చక్కెర వెయ్యలేదు, తాగండి" అంటూ గ్లాసుడు బత్తాయిరసం తెచ్చిస్తుంది! మూడు కాయలు పిండి, పిప్పి పారేస్తే మిగిలేది చక్కెర నీళ్ళే కదూ? రసానికీ ఒక సమయం వుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, చక్కెర 70కి దిగువకు పడిపోయినప్పుడు, మనిషి తెలివిలో వుంటే, అరగ్లాసు వెంటనే పట్టించాలి. 15 నిమిషాలకు మళ్ళీ పరీక్ష చెయ్యాలి. అప్పుడు పథ్యం గురించి వాదించరాదు.

మా పెదనాన్నగారికి యింట్లో పండు పూర్తిగా మాన్పించారు. ఆయన పెరట్లో చాటుగా తినేవారు. మందులు పెంచుతున్నా చక్కెర దిగలేదు. డాక్టరుగారికి నిజం చెప్పడానికి అభిమానం అడ్డొచ్చింది. చివరికి కాలి పుండు మానక వేలు తీసివెయ్యవలసి వచ్చింది. ఆ పండే అంతపనీ చేసిందని అనను. చాటుగా తిన్నదానికి లెక్క వుండదు. లెక్క తెలియకుండా యే డాక్టరు మందు కుదర్చగలడు?

కనుక తల్లులారా, నాలుగు ముక్కలు కోసి మీరే ఆయన కంచంలో పెట్టండి. మిగిలింది పిల్లలకివ్వండి.