ఫొటోలో పక్కనున్న వాళ్లెవరు?

2025 సెప్టెంబరు 7న పోప్ 14వ లియో, కార్లో అకూటిస్ అనే ఇటలీ కుర్రవాణ్ణి పునీతుడిగా ప్రకటించారు. 2006లో పదిహేనేళ్లకే రక్త కేన్సర్‌తో మరణించిన ఆ అబ్బాయి, దివ్యసత్ప్రసాద అద్భుతాల వివరాలను ఒకచోట చేర్చి ఇంటర్నెట్‌లో ప్రదర్శనగా పెట్టాడు. ఒక పునీతుని జీవితాన్ని మనమూ అలా చిన్న మ్యూజియంగా పెడితే బాగుండునని మన విచారణల్లోని యువతకు అనిపిస్తే సంతోషమే. అయితే అందులో పునీతుడొక్కడే ఉంటే సరిపోతుందా?

పునీత డామియన్ సంగతే చూద్దాం. బెల్జియంలో 1840లో పుట్టిన ఈ గురువు 1873 మే 10న హవాయి దీవుల్లోని మొలొకాయి చేరారు. కుష్ఠు సోకినవాళ్లను ప్రభుత్వం ఇంటివాళ్ల నుంచి విడదీసి, ఓడెక్కించి అక్కడ దించేసేది. ఒకవైపు సముద్రం, వెనక నిట్టనిలువు కొండ. డామియన్ వాళ్ల పుండ్లు కడిగారు, తాగునీటికి గొట్టాలు వేయించారు, శవపేటికలు సొంత చేతులతో చేశారు. చివరికి అదే వ్యాధితో 1889 ఏప్రిల్ 15న కన్నుమూశారు. 2009లో ఆయనకు పునీత పట్టం దక్కింది.

ఆయన ఫొటోల్లో ఒకటి, అక్కడి ఆడపిల్లల గాయక బృందంతో కలిసి తీయించుకున్నది. మన కళ్లు ముందు ఆయన మీదికే వెళ్తాయి. ఆ పిల్లలెవరు? ఏ తల్లి ఒడిలోంచి తెచ్చారు? 1866 నుంచి 1969 వరకు అక్కడికి పంపినవాళ్లు దాదాపు 8,000 మంది. వాళ్ల పేర్లన్నీ వెదికి పట్టుకోవాలని అక్కడ మిగిలిన రోగులు, బంధువులు, మిత్రులు 2003లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఆ పేర్లతో స్మారకం కట్టడానికి 2009లో అమెరికా చట్టమే అనుమతినిచ్చింది.

ఇప్పుడు మన రామచంద్రపురం వద్దాం. నూరేళ్ల కిందట కెనడియన్ బాప్టిస్టు మిషన్ వారు ఇక్కడ కుష్ఠు రోగులకు ఆశ్రమం నడిపారు. మిస్ హ్యాచ్ దొరసాని పేరు దానితో ముడిపడి ఉంది. బాప్టిస్టులు ఎవరికీ పునీత పట్టం ఇవ్వరు, అది వేరే మాట. దొరసాని పేరు మిషన్ పుస్తకాల్లో నిలిచింది. ఆమె దగ్గర చేరిన ద్రాక్షారామం వైపు రైతు కూలీయో, ఇంట్లోంచి గెంటేసిన కోడలో మనకు తెలుసా? సంఘాల పాత రిజిస్టర్లు చెదల పాలు కాకముందే తెరచి చూడాలని మా కోరిక.

ఇక్కడే చిక్కుంది. పేర్లు దొరికినా పెట్టొచ్చా? కుష్ఠు రోగులను బంధించే 1898 నాటి చట్టం రద్దయింది 2016లో. ఆ రోగం విడాకులకు కారణంగా చెల్లకుండా పోయింది 2019లో. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా మనదేశంలోనే. మందులతో పూర్తిగా నయమవుతుందని తెలిసినా, పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ‘వాళ్ల తాతకు ఆ రోగమట’ అన్న గుసగుస ఇంకా పనిచేస్తుంది. హవాయిలో మనవలు పూర్వుల పేర్లు వెదుకుతున్నారు. ఇక్కడి మనవలు దాచుకోవలసి వస్తోంది. తప్పు వాళ్లది కాదు, మనది. సంఘంలో పక్క వరుసలో కూర్చునేవాళ్లమూ ఆ గుసగుసలో పాలుపంచుకుంటున్నాం.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ప్రభువు ముట్టి బాగుచేసిన కుష్ఠు రోగికి పేరు లేదు, ఊరు లేదు. ఎవరితో చెప్పవద్దని ప్రభువు గట్టిగా చెప్పినా ఆగలేక ఊరంతా చాటినవాడు మాత్రం అతడే. తన కథ తానే చెప్పుకున్నాడు.

కాబట్టి ఆ పనికి పూనుకునే యువకులు ముందు ఇంటివాళ్ల గడప తొక్కాలి. ఒప్పుకున్నచోట పేరు, ఊరు, వాళ్లు పాడుకున్న పాట, నేసిన చాప, పెంచిన కోళ్లు, ఏది చెబితే అది రాసుకోవాలి. వద్దంటే బతిమాలొద్దు. ఫొటో కూడా పెట్టొద్దు. దొరసాని బొమ్మ పక్కన ఆ చోటు ఖాళీగానే ఉంచి, ఎందుకు ఖాళీగా ఉందో కింద రాయాలి.