లండన్‌లో అమరావతిని వదిలేశారేం?

సంపాదకులకు,

మీ లండన్ యాత్రా వ్యాసంలో బ్రిటిష్ మ్యూజియానికి గంట చాలు, మమ్మీలూ రోసెట్టా శిలా చూసి బయటపడమన్నారు. ఒప్పుకోను. అక్కడ 33ఎ గదిలో మన అమరావతి స్తూప శిల్పాలున్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన రాళ్ళు, 1859లో లండన్‌కు ఓడెక్కాయి. ఒక పలక మీద బోధివృక్షం కింద ఖాళీ ఆసనం. అదే పలకకు రెండోవైపు, వందల ఏళ్ళ తర్వాత చెక్కిన స్తూపం. తెలుగువాళ్ళు అది చూడకుండా ఎలా తిరిగొస్తారు? కోహినూరు కోసం టవర్ ఆఫ్ లండన్‌లో టిక్కెట్టు కొనమన్నవారు, మ్యూజియం ప్రవేశం ఉచితమని ఒక్కమాట రాయలేదు. ఆదోని, ఎమ్మిగనూరు నుంచి చదువుకోవడానికి వెళ్ళే పిల్లలకు ముందు చెప్పాల్సింది అదే. ఆ గది తెరిచే వేళలు మాత్రం కనుక్కుని వెళ్ళాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కృష్ణగిరి, కర్నూలు జిల్లా