వణుకు లక్షణమే, వ్యాధి కాదు

అమెరికాలో పెరిగిన తెలుగు యువకులలో కొందరికి పికప్ ట్రక్కు ఎత్తు పెంచి పెద్ద టైర్లు తొడగడం సరదా. ఆ పిదప బండి ఎగిరిపడినా, స్టీరింగు వణికినా తండ్రి ఎత్తునే నిందిస్తాడు. కుమారుడు కొత్త స్టీరింగు డ్యాంపర్ బిగిస్తాడు. రెండూ పరీక్ష లేని తీర్పులే. డ్యాంపర్ జ్వరం తగ్గించే మాత్ర వంటిది. వణుకును అణచుతుందే గాని, అరిగిన కీలును బాగు చేయదు.

ఖర్చు లేని పరీక్ష ముందు జరగాలి. టైర్లలో గాలి అధికమైతే కుదుపు పెరుగుతుంది. గంటకు 55–65 మైళ్ల వేగంలో మాత్రమే సన్నగా వణికితే చక్రాల బ్యాలెన్సును, బ్రేకు వేసినప్పుడే వణికితే రోటర్లను అనుమానించాలి. గతుకు తగలగానే స్టీరింగు భీకరంగా ఊగి, వేగం తగ్గేవరకు ఆగకపోతే, ముందు ఇరుసు ఏకఖండమైన బండ్లలో ట్రాక్ బార్, బాల్ జాయింట్లు చూడాలి. ఎత్తు పెంచినందువల్ల క్యాస్టర్ కోణం తగ్గిందేమో కూడా కొలిపించాలి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. లేకుంటే ఏది కారణమో తేలదు.

నిలిపిన బండిలో ఒకరు స్టీరింగును అటూ ఇటూ కదుపుతుంటే, మరొకరు ట్రాక్ బార్ కొసలను గమనించాలి. బోల్టు దగ్గర కదలిక కనబడితే దోషం దొరికినట్లే. అది సరిదిద్దేవరకు ఆ బండి హైవే ఎక్కరాదు.

ఈ పరీక్షకు ఇద్దరు కావాలి. ఆ రెండవ వ్యక్తి తండ్రే కావడం మేలు. మందలింపు కంటే ఆ అరగంట పరిశీలనే కుమారుని ప్రాణానికి రక్ష.