మదురైకి వచ్చిన చుట్టాలకు ఏం చూపిస్తున్నాం?

ఎండాకాలం సెలవులు మొదలైతే మా ఇంటికి చుట్టాలు వస్తారు. ఒంగోలు నుంచో హైదరాబాదు నుంచో రామేశ్వరం యాత్రకు బయలుదేరి, దారిలో మదురైలో ఒక రోజు దిగుతారు. పొద్దున్నే మీనాక్షమ్మ దర్శనం, ఇంట్లో భోజనం, టైము మిగిలితే తిరుమల నాయకర్ మహల్, ఒక సుంగుడి చీర, ఒక గ్లాసు జిగర్తండా, రాత్రికి రైలు. ఇన్నేళ్ళుగా మేమూ వాళ్ళను ఈ వరసలోనే తిప్పుతున్నాం. మహల్ నడిమి ముంగిట్లో నిలబడి మేము చెప్పే మాట కూడా ఒక్కటే: "ఇది మన తెలుగువాళ్ళు కట్టించినారు." చుట్టాలు సంతోషంగా తల ఊపుతారు, ఫోటో తీసుకుంటారు. అంతటితో సరి.

పోయిన సెలవుల్లో మా మనవరాలు ఆ మాట విని అడిగింది. "అవ్వా, మనవాళ్ళు కట్టినారంటే మనకెందుకు టిక్కెట్టు? ఇక్కడ తెలుగు ఒక్క అక్షరం కూడా కనబడలేదే?" టిక్కెట్టు ప్రశ్నకు అందరం నవ్వేశాం. రెండో ప్రశ్నకు మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ పిల్ల బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. తరతరాలుగా ఈ ఊళ్ళో ఉంటూ, "మనవాళ్ళు కట్టినారు" అనే ఒక్క ముక్క తప్ప పిల్లకు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేకపోయింది.

అందుకే ఇప్పుడు మా అభిప్రాయం ఇది: ఆ ఒక్క ముక్కతో ఆపడం మానేద్దాం. అది అబద్ధం అని కాదు. అది సగం కూడా కాదు. ఆ సగం మాటతో పిల్లలకు గొప్ప మిగులుతుంది, ఊరు మిగలదు.

మహల్‌నే చూడండి. తిరుమల నాయకుడు రాజ్యం చేసింది 1623 నుంచి 1659 దాకా. తిరుచ్చి నుంచి రాజధానిని మళ్ళీ మదురైకి తెచ్చి, 1636 ప్రాంతంలో ఈ నగరు కట్టించాడు. ఇవాళ మనం టిక్కెట్టు కొని చూసేది అప్పటి కట్టడంలో సుమారు నాలుగో వంతే. మిగతాది ఏమైంది? ఏ తురకలో దొరలో పడగొట్టారని మనవాళ్ళు అనుకుంటారు. పడగొట్టడం మొదలుపెట్టింది ఆయన సొంత మనవడు చొక్కనాథ నాయకుడు. రాజధానిని తిరిగి తిరుచ్చికి మార్చుకుని, అక్కడ తన నగరు కోసం ఇక్కడి సామాను విప్పించి తీసుకుపోయాడు. మిగిలిన భాగం పాడుపడి ఉంటే, 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ బాగు చేయించాడు. ఆ తర్వాత చాలాకాలం అందులో కోర్టు నడిచింది. అంటే కట్టించింది తాత, విప్పించింది మనవడు, నిలబెట్టింది ఇంగ్లీషు దొర. గొప్పతో పాటు ఈ సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. మనవాళ్ళు మంచే చేశారని మాత్రమే చెబితే, అది పురాణం అవుతుంది.

మహల్‌కు కొంచెం దూరంలో, విళక్కుత్తూణ్ పక్కన, బట్టల కొట్ల సందులో పది పెద్ద స్తంభాలు నిలబడి ఉన్నాయి. 'పత్తు తూణ్' అంటారు, పది స్తంభాలని అర్థం. అవి కూడా ఆ నగరులోవే. పైన కప్పు లేదు, చుట్టూ గోడలు లేవు. కొట్ల బోర్డుల మధ్య తల ఎత్తి చూస్తే తప్ప కనబడవు. పండక్కి బట్టలు కొనడానికి ఎన్నిసార్లు ఆ సందులో నడిచామో లెక్కలేదు. అవి ఏమిటని ఒక్కసారీ ఎవరినీ అడగలేదు. మహల్ ఎంత పెద్దదో తెలియాలంటే ముందు పత్తు తూణ్ దగ్గర నిలబడి, తర్వాత మహల్ దాకా నడవాలి. పోయింది ఎంతో కాళ్ళకు తెలుస్తుంది. చుట్టాలను ఇకమీదట మేము మహల్‌కు ముందు అక్కడికే తీసుకుపోతాం.

గుడికి తూర్పు గోపురం ఎదురుగా పుదుమండపం ఉంది. అది కూడా తిరుమల నాయకుడిదే. వసంతోత్సవానికి కట్టించిన మండపం. అందులో నాయక రాజుల శిలా విగ్రహాలు ఉన్నాయి. మా చిన్నప్పుడు అదంతా కొట్లే. కుట్టు మిషన్ల చప్పుడు, గాజులు, పాత పుస్తకాలు, పాత్రలు. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి పోయి రాజుగారి విగ్రహానికి ఆనుకుని నిలబడేవాళ్ళం, ఆయన ఎవరో తెలియకుండానే. ఇటీవల ఆ కొట్లను అక్కడి నుంచి మార్చేశారు. రాళ్ళకు ఊపిరి ఆడింది గానీ, తరాలుగా అక్కడే కుట్టుకుని బతికినవాళ్ళు వేరే చోట మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. మండపం కథలో వాళ్ళూ ఉన్నారు. ఇంకొంచెం తూర్పుకు పోతే రాయగోపురం. పునాది, ద్వారానికి రెండు పక్కలా ఆకాశంలోకి లేచిన రాళ్ళు, అంతే. పూర్తి కాలేదు. పూర్తయి ఉంటే ఈ ఊరి గోపురాలన్నిటినీ మించేదని ఆ పునాది చూస్తేనే తెలుస్తుంది.

అయితే తిరుమల నాయకుడు చేసిన అన్నిటికన్నా పెద్ద పని రాతిలో లేదని మా నమ్మకం. మీనాక్షమ్మ కల్యాణం మునుపు మాసి నెలలో జరిగేది. దాన్ని ఆయన చిత్తిరై నెలకు మార్చి, అళగర్ స్వామి వైగై ఏట్లో దిగే పండగతో కలిపాడు. శైవుల పండగ, వైష్ణవుల పండగ, ఊరివాళ్ళు, పల్లెలవాళ్ళు, అంతా ఒకే చోట చేరారు. తేరు మాత్రం ఇవాళ్టికీ మాసి వీధుల్లోనే తిరుగుతుంది. నెల మారింది, వీధుల పేరు మారలేదు. ఉత్తరం నుంచి వచ్చిన 'వడుగుల' వంశపు రాజు ఇక్కడి దేవతకు, ఇక్కడి నెలల లెక్కకు, ఇక్కడి జనానికి తగ్గట్టు పని చేశాడు. తన పండగను తెచ్చి ఊరిమీద పెట్టలేదు. వేరే భాషల నడుమ స్థిరపడిన మనలాంటి కుటుంబాలు నేర్చుకోవలసింది మహల్ ఎత్తు కన్నా ఇదే.

తెప్పకుళం కూడా తప్పకుండా చూపించాలి. గుడి నుంచి ఆటోలో తూర్పుకు పోతే వండియూర్ మారియమ్మన్ గుడి ముందు ఉంటుంది. 1645లో తవ్వించిన కోనేరు. ఒక్కో పక్క దాదాపు వెయ్యి అడుగులు, నడుమ మండపం. వైగై నుంచి నీళ్ళు రావడానికి కాలువలు ఉన్నాయి. తైపూసం నాడు మీనాక్షమ్మ, సుందరేశ్వరుడు తెప్ప ఎక్కేది అక్కడే. కాలువలు పూడిపోయి ఏళ్ళ తరబడి నీళ్ళు లేకపోతే, లోపల పిల్లలు క్రికెట్టు ఆడేవారు. తర్వాత కాలువలు బాగుచేశాక మళ్ళీ నీళ్ళు చేరాయి. కోనేరు బతకాలంటే గట్టు ఒక్కటే చాలదు, నీళ్ళొచ్చే దారి తెరిచి ఉండాలి.

ఆడపిల్లలు వెంట ఉంటే తముక్కం వైపు వెళ్ళండి. చొక్కనాథుడి భార్య మంగమ్మ, పసివాడైన మనవడి పేరు మీద 1689 నుంచి సుమారు పదిహేనేళ్ళు రాజ్యం నడిపింది. రోడ్లు వేయించింది, సత్రాలు కట్టించింది. రైల్వే స్టేషను ఎదుట ఆమె పేరుతో సత్రం ఇప్పటికీ ఉంది. రైలు దిగిన చుట్టాలు మొదట చూసే పాత పేరు అదే, మనమే చెప్పం. తముక్కంలోని ఆమె నగరు ఇప్పుడు గాంధీ మ్యూజియం. 1959లో తెరిచారు. గాంధీ హత్య జరిగిన రోజు కట్టుకున్న, రక్తం మరకల బట్ట అక్కడ ఉంది. 1921 సెప్టెంబరులో ఆయన చొక్కా విడిచి కొల్లాయి కట్టింది కూడా మదురైలోనే, పడమటి మాసి వీధిలో.

ఇక మనవరాలి రెండో ప్రశ్న. తెలుగు ఎక్కడుంది? మంగమ్మ పెంచిన ఆ మనవడు విజయరంగ చొక్కనాథుడు. పెద్దయ్యాక తానే తెలుగులో వచనం రాశాడు. ఆయన కొలువులోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినీ భారతాన్ని తెలుగు వచనంలో రాశాడు. సాహిత్య చరిత్రల్లో దక్షిణాంధ్ర యుగం అని చదువుతామే, అందులో తెలుగు వచనం బాగా పెరిగిన ఊరు ఇదే. అంటే ఆంధ్ర నుంచి వచ్చే చుట్టాలకు కూడా ఇది పరాయి ఊరు కాదు. కానీ ఆ తెలుగు మహల్ గోడమీద లేదు, పుస్తకంలో ఉంది. చూడాలంటే టిక్కెట్టు చాలదు, అక్షరాలు రావాలి.

మహల్ మీద ఎవరికీ మనం హక్కు అడగనక్కర్లేదు. రాళ్ళు చెక్కిన చేతులు, సున్నం రుబ్బిన చేతులు ఏ భాష మాట్లాడాయో ఎవరు లెక్క పెట్టారు? అది ఊరందరిదీ, మహల్ చుట్టుపక్కల వీధుల్లో నేత నేసి బతికిన సౌరాష్ట్రులదీ, మనదీ. మనకు అడగదగిన హక్కు ఒకటుంది: మన పిల్లలు ఆ పుస్తకం తెరిచి చదవగలగడం. దాన్ని ఏ సర్కారూ, ఏ శాఖా ఇవ్వదు. మనమే ఇవ్వాలి.

అందుకని మా ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాం. చుట్టాలను తిప్పే పని ఇకమీదట పెద్దలది కాదు, పిల్లలది. పత్తు తూణ్, మహల్, పుదుమండపం, రాయగోపురం, తెప్పకుళం, మంగమ్మ సత్రం, తముక్కం. ఒక్కో చోటికి నాలుగు వాక్యాలు, తెలుగు అక్షరాల్లో, వాళ్ళ చేత్తో, ఒక నోటు పుస్తకంలో. తప్పులు వస్తే రానీ. మనవరాలు ఇప్పటికి రెండు పేజీలు రాసింది. 'స్తంభం' అనే మాట మూడు సార్లు కొట్టేసి నాలుగోసారి సరిగా రాసింది. మీరు తంజావూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, మీ ఊళ్ళోనూ ఇలాంటి ఒక సందు, ఒక సత్రం, ఒక కోనేరు ఉంటాయి. వచ్చే సెలవులకు ముందే మీ పిల్లల చేతికి ఒక నోటు పుస్తకం ఇవ్వండి.