తిరిగొచ్చిన తల్లిని ఏమడుగుదాం?

మొన్న మా సాలూరులో, మా వీధి డ్వాక్రా సంఘం సమావేశంలో ఓ కొత్త పేరు వచ్చింది. కొండ మీది పల్లె నుంచి వచ్చి మా వెనక వీధిలో అద్దెకుంటున్న అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో. చంకలో బిడ్డ. కొన్నాళ్ళు దళంలో ఉండి లొంగిపోయిందట.

"ఆ గుంట మనకెందుకమ్మా? రేపు పోలీసులొచ్చి అడిగితే ఏటి చెప్తాం?" అంది ఒకావిడ. అందరూ నేలచూపులు చూశారు. డిగ్రీ చదివినదాన్ని, కథలు రాసేదాన్ని, నేనూ నోరు మెదపలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ కొండలకి ఇది కొత్త కాదు. 1967లో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు తుపాకీ గుళ్ళకి బలయ్యాక రాజుకున్న శ్రీకాకుళం పోరాటంలో ఆడవాళ్ళూ ఉన్నారు. 1970లో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయాక అది చల్లారింది. నాయకుల పేర్లు మనకి తెలుసు. ఇళ్ళకి తిరిగొచ్చిన ఆడవాళ్ళు ఎలా బతికారని మనలో ఎంతమందిమి అడిగాం?

తర్వాతి కాలపు మావోయిస్టు దళాల్లో పెళ్ళికి ఒప్పుకున్నా పిల్లల్ని కననిచ్చేవారు కాదనీ, మగవాళ్ళకి ఆపరేషన్ చేయించేవారనీ బయటికొచ్చినవాళ్ళే చెప్పారు. అయినా తల్లులైనవాళ్ళు బిడ్డని బంధువులకి అప్పజెప్పాల్సి వచ్చేది. ఏళ్ళ తర్వాత తిరిగొస్తే, ఆ బిడ్డ అమ్మని చూసి అమ్మమ్మ కొంగు చాటున దాక్కుంటే ఆ తల్లి ఎవరితో చెప్పుకుంటుంది?

కేంద్ర పథకం కింద లొంగిపోయినవారికి హోదాని బట్టి రెండున్నర లక్షలో, ఐదు లక్షలో ఇస్తారు. పని నేర్చుకునేందుకు మూడేళ్ళు భత్యమూ ఉంది. మంచిదే. కానీ చెక్కు వచ్చినంత మాత్రాన పక్కింటివాళ్ళు పలకరిస్తారా? మగవాడు తిరిగొస్తే "పోన్లే, బుద్ధొచ్చింది" అని పిల్లనిస్తాం. ఆడది తిరిగొస్తే "బిడ్డకి తండ్రెవరు?" అంటాం.

తుపాకీని నేను సమర్థించడం లేదు. దళాల చేతిలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులూ ఉన్నారు. వాళ్ళ కడుపుకోత మరచిపొమ్మనే హక్కు నాకు లేదు. కేసులుంటే కోర్టులున్నాయి. మరి చంకలో బిడ్డ చేసిన నేరమేమిటి?

ములుగు సీతక్క ఒకప్పుడు తుపాకీ పట్టిన మనిషే. బయటికొచ్చి లా చదివి, 2022లో ఉస్మానియా నుంచి డాక్టరేటు అందుకుని, 2023 డిసెంబరులో తెలంగాణలో మంత్రి అయ్యారు. అందరూ మంత్రులు కానక్కర్లేదు. రేషన్ కార్డు, ఓ కుట్టుమిషను, బిడ్డకి అంగన్‌వాడీలో చోటు, సంఘంలో ఓ పేరు. ఇవి చాలు.

వచ్చే సమావేశంలో ఆ అమ్మాయి పేరు నేనే చెబుతాను. మీ వీధిలోనూ అలాంటి తల్లి ఉంటే పాత సంగతులు తవ్వకండి. "బిడ్డకి టీకాలు వేయించావా అమ్మా?" అని అడగండి.